బుధవారం నాటి బిడ్డ

నేను ఒక రాగి గంగాళాన్ని. మీ ఇళ్లలో పెళ్లిళ్లకు నీళ్లు కాచేవి ఉంటాయే, ఇంచుమించు అంతే ఉంటాను. కాకపోతే అడుగున పీటలాంటి కాలు, రెండు పక్కలా పట్టుకోడానికి చెవులు, లోపల కళాయి పూత. నాలో అన్నం వండరు, బట్టలు ఉడకబెట్టరు. పసిపిల్లల్ని ముంచుతారు. గ్రీకువాళ్లు బిడ్డ పుట్టిన కొన్నాళ్లకు చర్చిలో జ్ఞానస్నానం చేయిస్తారు. ఒంటిమీద నూలుపోగు లేని ఆ పసిగుడ్డును ఫాదర్ గోరువెచ్చని నీళ్లలో మూడుసార్లు ముంచి లేపుతాడు. ఆ నీళ్లు పట్టడమే నా ఉద్యోగం. ఎన్ని వందల పిర్రలు చూశానో నాకే గుర్తు లేదు. అందుకని ఎవరైనా పెద్దమనిషి నా ముందు కాలరెగరేస్తే నాకు నవ్వాగదు.

ఇప్పుడు మెల్‌బోర్న్‌లో ఒక మ్యూజియంలో ఖాళీగా కూర్చున్నాను. నా పక్కన ఒక బోర్డు పెట్టారు. శాసనసభ్యులు శ్రీ అరిస్తీదిస్ వందొరాతోస్ గారు అరవై మందికి పైగా పిల్లలకు ఈ పాత్ర దగ్గర జ్ఞానతండ్రిగా నిలిచారట! ఛీ, ఛీ. వచ్చినవాళ్లు అది చదివి, తలలూపి, ఫొటోలు తీసుకుపోతారు. ఆ బోర్డు రాసిన మహానుభావుడు నన్ను ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. అందుకే నా సంగతి నేనే చెబుతున్నాను.

నేను పుట్టింది కెఫలోనియా అనే దీవిలో. పంతెలిస్ అనే కంచరి రెండు నెలలు కూర్చుని నన్ను సాగగొట్టాడు. మంచి పనివాడే గాని ముక్కోపి. పెళ్లాంతో గొడవపడి వచ్చిన రోజు వేసిన దెబ్బ నా ఎడమ చెవి కింద ఇప్పటికీ ఉంది. కొండమీద చర్చిలో అరవై ఏళ్లు హాయిగా కొలువు చేశాను. ఒక ఆగస్టు నెలలో భూకంపం వచ్చి ఊరు ఊరంతా నేలమట్టమైంది. బిషప్ గారు కూర్చునే కుర్చీ పిండయిపోయింది. నాకు మాత్రం ఒక సొట్ట పడింది, అంతే. బతికి బయటపడ్డవాళ్లు పొట్టచేత పట్టుకుని ఆస్ట్రేలియా ఓడ ఎక్కుతూ, నన్ను రెండు కంబళ్లలో చుట్టి తమతో తెచ్చుకున్నారు.

ఓడలో నెల రోజులూ నా పక్కనే కూర్చున్న మనిషి మరీగో. భూకంపంలో మొగుడు పోయాడు, పిల్లల్లేరు. చదువు రాదు. చేతులు మాత్రం చూడాలి, బండెడు చాకిరీ చేసిన చేతులు. మెల్‌బోర్న్‌లో దిగాక బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరింది. మావాళ్లు ఒక పాత గోదాము అద్దెకు తీసుకుని చర్చి చేసుకుంటే, పని దిగి నేరుగా అక్కడికొచ్చి ఊడ్చేది, తుడిచేది, దీపాలకు నూనె పోసేది, నాకు నీళ్లు కాచేది. జీతం బత్తెం ఏమీ లేవు. ఆమెను చర్చిలో అందరూ ఎరుగుదురు. "మరీగో, చీపురు", "మరీగో, నీళ్లు" అని పిలిచేవాళ్లు.

ఇక మన కథానాయకుడు. అరిస్తీదిస్‌దీ మా దీవే. అట్టపెట్టెతో దిగాడు. చేపలు వేయించి అమ్మే కొట్లో బంగాళాదుంపల తోలు తీసేవాడు. ఇంగ్లీషు మాత్రం తొందరగా పట్టేశాడు. మావాళ్లకు ఫారాలు నింపిపెట్టడం, అర్జీలు రాసిపెట్టడం, ఆసుపత్రికి తోడెళ్లడం, ఇవన్నీ చేసేవాడు. అప్పట్లో మంచివాడేనండీ. లేనిపోని అబద్ధం నేనెందుకు చెప్పాలి?

మొదటిసారి నా ముందు నిలబడ్డ రోజు నాకు గుర్తుంది. రాతిక్వారీలో పనిచేసే ఒకతనికి కొడుకు పుట్టాడు. మాలో జ్ఞానతండ్రి అంటే ఒక పూట చుట్టం కాదు. నీళ్లలోంచి లేపిన బిడ్డను తెల్లని గుడ్డలో చేతులారా అందుకోవాలి. అందుకున్న క్షణం నుంచి ఆ బిడ్డకు రెండో తండ్రి, ఆ ఇంటికి సొంత మనిషి. 'నూనో' అని పిలుస్తారు. ఆడమనిషి అయితే 'నూనా'. చుట్టపక్కాల్లేని దేశంలో ఆ క్వారీ మనిషి ఎవర్ని అడుగుతాడు? అరిస్తీదిస్ ముందుకొచ్చాడు. బిడ్డను అందుకుంటుంటే చేతులు గడగడా వణికాయి, కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ రోజు నాకు వాడంటే ముద్దొచ్చింది.

మరుసటి నెలలో చర్చి కమిటీ ఎన్నికలు జరిగాయి. క్వారీ మనిషి, వాళ్లన్నదమ్ములు, బావమరుదులు, వాళ్ల పెళ్లాలు, అందరూ కట్టగట్టుకుని అరిస్తీదిస్‌కే ఓటేశారు. "మన నూనో కదా" అన్నారు. ఆ మాట వాడి చెవినపడింది. అంతే, ఇక వాడి చేతులు మళ్లీ ఎప్పుడూ వణకలేదు.

ఏడాదికి ముగ్గురు, తర్వాత ఆరుగురు, ఆపైన ఎనిమిది మంది. ఒక పార్టీవాళ్లు గ్రీకు ఓట్లు తెచ్చిపెట్టే మనిషి కోసం వెతుకుతూ మా చర్చికొచ్చారు. తెల్లదొర ఒకాయన వెనక వరుసలో కూర్చుని, ఎంతమంది వచ్చి అరిస్తీదిస్ చెయ్యి ముద్దుపెట్టుకుంటున్నారో చూసి గుడ్లు తేలేశాడు. ఆ తర్వాతి ఎన్నికల్లోనే వీణ్ణి నిలబెట్టారు, గెలిపించారు. మీరు ఎమ్మెల్యే అంటారే, అదే అయ్యాడు. చేపలకొట్టు నుంచి శాసనసభకు! మావాళ్లు ఏడ్చారు, గంతులేశారు.

గెలిచిన సాయంత్రం విందు చర్చి హాల్లోనే. బీరు సీసాలు చల్లబరచడానికి గిన్నె చాల్లేదని పార్టీ కుర్రకారు నన్ను లాక్కెళ్లి ఐసుముక్కలు నింపారు. నాలో! పసిబిడ్డల్ని ముంచే నాలో! అరిస్తీదిస్ చూశాడు. చూసి, చెయ్యి నాలో పెట్టి ఒక సీసా తీసుకున్నాడు. మరీగో వచ్చి చూసి శోకాలు పెట్టింది. "మీ చేతులు పడిపోనూ! ఇది ఏ పాత్రనుకున్నార్రా?" అని సీసాలన్నీ ఒక్కొక్కటే బయటకు విసిరింది. ఆ తర్వాత నన్ను బూడిదా నిమ్మచెక్కా పెట్టి తోమింది. ఎమ్మెల్యే గారు నవ్వుతూ, "పెద్దావిడ, పోనివ్వండి" అన్నాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయింది.

అప్పటి ఫాదర్ అవెర్కియోస్ ముసలాయన, మాట కటువు. ఒకరోజు అరిస్తీదిస్‌ను నా పక్కకు పిలిచాడు.

"ఒరే, మన ఆచారం తెలుసుగా? ఒకే జ్ఞానతండ్రి ఎత్తిన పిల్లలు అన్నాచెల్లెళ్ల కింద లెక్క. వాళ్లకు వాళ్లకు పెళ్లి కుదరదు. అందుకే బుద్ధున్నవాడు మగపిల్లల్నే ఎత్తుతాడు, లేదా ఆడపిల్లల్నే ఎత్తుతాడు. నువ్వు రెండు రకాలూ కలిపి ఎత్తుతున్నావు. రేపు ఈ పిల్లలు పెద్దవాళ్లయితే ఏం గాను?"

"ఫాదర్, ఆడపిల్లల తల్లిదండ్రులకు ఓటు లేదా ఏమిటి?" అన్నాడు మనవాడు. ఫాదర్ తల పట్టుకున్నాడు. మరీగో అప్పుడు నా కాలు తుడుస్తోంది. ఆమె కూడా విన్నది.

శనాదివారాలు చాలక జ్ఞానస్నానాలు మామూలు రోజుల్లోకి పాకాయి. ఆఫీసు పిల్ల ఒకతె డైరీ పెట్టింది. మెడలో వేసే చిన్న శిలువలు డజన్ల లెక్కన తెప్పించి కారులో ఉంచేవాడు. పేరు పలకాల్సిన చోట తడుముకుంటే వెనక నుంచి ఎవరో అందించేవాళ్లు. నీళ్లు చిమ్మి సూటు పాడవుతుందని బిడ్డను బారెడు దూరంలో పట్టుకునేవాడు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే వాడు చేతిగడియారం చూసుకునేవాడు.

సెప్టెంబర్ పదో తేదీ, బుధవారం. దెస్పినా అనే కుట్టుపని చేసే ఆమెకు కూతురు. మూడు గంటలకు ముహూర్తం, అంటే వాళ్ల ఆఫీసు పిల్ల ఇచ్చిన టైము. దెస్పినా మొగుడు సర్కారు ఇంటికి అర్జీ పెట్టుకున్నాడు. ఎమ్మెల్యేనే నూనో అయితే ఇల్లు వస్తుందని అతని ఆశ. నీళ్లు కాగాయి. మూడైంది, రాలేదు. నీళ్లు చల్లారితే మరీగో మళ్లీ కాచింది. చంటిది చలికి వణుకుతోంది. ఫోనొచ్చింది. సార్ సభలో ఉండిపోయారట, మీరు కానిచ్చెయ్యండి, సంతకం ఆదివారం పెడతారట.

"కానిచ్చెయ్యడానికి ఇదేమైనా చెత్త బండా?" అని ఫాదర్ అవెర్కియోస్ అరిచాడు. "బిడ్డను ఎవరో ఒకరు అందుకోవాలి. ఎవరు అందుకుంటే వాళ్లే."

దెస్పినా మొగుడు నేల చూపులు చూశాడు. ఇంకెవర్నైనా పిలిస్తే ఎమ్మెల్యేకు కోపమొస్తుందని భయం. అప్పుడు ఫాదర్, "మరీగో, చేతులు కడుక్కుని రా" అన్నాడు.

ఆమె వచ్చింది. విశ్వాస ప్రమాణం మొత్తం తప్పు లేకుండా నోటికి చెప్పింది. సైతానును వదులుతున్నావా అని మూడుసార్లు అడిగితే మూడుసార్లూ గట్టిగా వదులుతున్నానంది. పిల్లకు నూనె రాసింది. "ఫొతీని" అని పేరు పలికింది. ఫాదర్ ముంచి లేపిన బిడ్డను అందుకుని గుండెకు హత్తుకుంది. సూటూ లేదు, చిమ్మే నీళ్ల బెంగా లేదు. ఏడుస్తున్న పిల్ల ఆమె వేలు పట్టుకుని ఠక్కున ఊరుకుంది. నా అంచుకు ఆనుకుని నిలబడ్డ ఆ మనిషి ఒంట్లోంచి వచ్చిన వణుకు నాకు తగిలింది. ఆ తర్వాత బిడ్డను తల్లికిచ్చేసి, కింద పడ్డ నీళ్లు తుడుచుకుంది.

ఆదివారం ఎమ్మెల్యే గారు వచ్చాడు. రిజిస్టర్లో సంతకం గీకాడు, బిడ్డను ఎత్తుకుని ఫొటో దిగాడు, పోయాడు. ఫాదర్ అవెర్కియోస్ వద్దని అనలేదు. దెస్పినా మొగుడు కాళ్లావేళ్లా పడ్డాడు మరి. మనుషుల బతుకులంతే.

ఇంతకూ ఆ బుధవారం సభలో అంత మునిగిపోయే పనేమిటో తెలుసా? కోడిగుడ్ల సైజుల మీద బిల్లు! మన నాయకుడు అన్నేళ్ల పదవిలో నోరు తెరిచి మాట్లాడిన ప్రసంగం అదొక్కటే. తొమ్మిది నిమిషాలు. దాన్ని ఫొటోతో, తేదీతో, టైముతో సహా కరపత్రాలు అచ్చువేయించి చర్చి గుమ్మంలో పంచాడు. ఆఫీసు గోడకు ఫ్రేము కట్టి తగిలించుకున్నాడని కూడా విన్నాను. పారేసిన కరపత్రాలన్నీ ఊడ్చింది ఎవరో మళ్లీ చెప్పాలా?

ఇరవై రెండేళ్లు గడిచాయి. ఫాదర్ అవెర్కియోస్ పోయాడు, దెస్పినా మొగుడూ పోయాడు. సర్కారు ఇల్లు వచ్చింది లెండి, పదేళ్లకు. కొత్త ఫాదర్ కుర్రవాడు, నికిఫోరోస్. ఒక సాయంత్రం ఫొతీని అతని దగ్గరకు వచ్చింది. వెంట మాకిస్ అనే అబ్బాయి. బస్సు మెకానిక్, నెమ్మదస్తుడు. పెళ్లి రాయించుకోడానికి వచ్చారు. ఫాదర్ రిజిస్టర్ తీశాడు. ఫొతీనికి జ్ఞానతండ్రి అరిస్తీదిస్ వందొరాతోస్. మాకిస్‌కు జ్ఞానతండ్రి అరిస్తీదిస్ వందొరాతోస్.

పిల్ల మొహం పాలిపోయింది. నా చెవి పట్టుకుని నిలబడింది, పడిపోకుండా.

దెస్పినా పరుగున వచ్చి జరిగింది చెప్పింది. మరీగో కూడా చెప్పింది. ఫాదర్ నికిఫోరోస్ మంచివాడే. కానీ, "అమ్మా, పెళ్లి కోసం తల్లి ఏదైనా చెబుతుందంటారు. పెద్దావిడ మాటకు సాక్ష్యం లేదు. సంతకం పెట్టిన ఆయనే కాదంటే తప్ప బిషప్ గారు ఒప్పుకోరు" అన్నాడు. అంటే ఎమ్మెల్యే గారు ఒక్క ముక్క చెప్పాలి: ఆ రోజు నేను రాలేదు. నాలుగు మాటలు! కోడిగుడ్ల మీద తొమ్మిది నిమిషాలు మాట్లాడినవాడికి ఇదొక లెక్కా?

ఎన్నికలకు మూడు వారాలుంది. దెస్పినా వాడి ఆఫీసుకు వెళ్లి వచ్చి, నా పక్కన గచ్చు మీద కూలబడి మరీగోతో చెప్పుకుని ఏడ్చింది. "ఒక్కటి దొంగ సంతకమని ఒప్పుకుంటే మిగతా అరవై ఇళ్లవాళ్లూ నన్ను నిలదీస్తారమ్మా, ఎన్నికలయ్యాక చూద్దాం అన్నాడు. ఎన్నికలయ్యాక వీడు మన మొహం చూస్తాడా?"

చివరికి బిషప్ గారి తరఫున ఒక పెద్ద ఫాదర్ విచారణకొచ్చాడు. చర్చిలోనే, నా ముందే. ఎమ్మెల్యే రాక తప్పలేదు. తెల్ల జుట్టు, బంగారు కళ్లజోడు, జేబులో తనకే ఓటెయ్యమని అచ్చేయించిన కార్డులు. అటు వరుసలో మాకిస్, ఇటు వరుసలో ఫొతీని. పక్కపక్కన కూర్చోవద్దన్నారట, తేలేదాకా.

"అయ్యా, ఈ అమ్మాయిని నీళ్లలోంచి అందుకున్నది మీరేనా?" పెద్ద ఫాదర్ అడిగాడు.

"నా సంతకం ఉంది కదండీ, ఇంకా అనుమానమేమిటి?"

"సంతకం సంగతి కాదు. చేతుల సంగతి అడుగుతున్నాను."

"నేనే" అన్నాడు. నా ముందు నిలబడి! నోరుంటే ఖంగుమని మోగి వాడి కర్ణభేరి పగలగొట్టేదాన్ని.

మరీగో లేచింది. "అరిస్తీదీ, నాయనా, నువ్వు రాలేదు కదరా. నీ కోసం నీళ్లు రెండుసార్లు కాచాను."

వాడు జాలిగా నవ్వాడు. "వయసు మీదపడింది, పాపం. అన్నీ కలగాపులగం అయిపోతుంటాయి."

ఆమె కూర్చుని, తన చేతులకేసి చూసుకుంది. పాతికేళ్లుగా వాడి కరపత్రాలు ఊడ్చిన మనిషి ఆమె.

దెస్పినా సంచిలోంచి ఒక కాగితం తీసింది. పసుపుపచ్చగా, నూనె మరకలతో ఉంది. "ఫాదర్, ఇది మా వంటింటి సొరుగులో చెంచాల కింద పరిచి ఉంది. రాత్రంతా వెతికాను. చదవండి."

పెద్ద ఫాదర్ కళ్లద్దాలు సవరించుకుని పైకే చదివాడు. "సెప్టెంబర్ పదో తేదీ, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల ఐదు నిమిషాలకు మన ప్రియతమ నాయకులు సభలో చేసిన చరిత్రాత్మక ప్రసంగం..." ఆగి, రిజిస్టర్లో తేదీ, టైము చూశాడు. మళ్లీ కాగితం చూశాడు. ఎక్కడా వెటకారం లేకుండా అడిగాడు. "అదే రోజు, అదే వేళ. మీరు ఇక్కడుంటే సభలో మాట్లాడింది ఎవరు? ఈ ప్రసంగం అబద్ధమా, అయ్యా?"

అరిస్తీదిస్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అవునంటే పోయేది ఒక కోడిగుడ్ల ప్రసంగం. ఎవడికి కావాలది? కానీ వాడికి కావాలి. పాతికేళ్ల పదవిలో అదొక్కటే వాడి సొంతం. మిగతాదంతా చేతులు ఊపడమూ శిలువలు పంచడమే.

"అబద్ధమా?" ఒక్కసారిగా గొంతు లేచింది. "తొమ్మిది నిమిషాలు మాట్లాడానండీ! అవతలి పక్షంవాళ్లు కూడా బల్లలు చరిచారు. రికార్డు తీసి చూసుకోండి!"

"అయితే బిడ్డను ఎత్తుకోలేదు."

వాడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎత్తుకోలేదు" అన్నాడు.

చూశారా? పిల్ల బతుకు కోసం చెప్పలేదు, దేవుడికి భయపడి చెప్పలేదు. గుడ్ల కోసం చెప్పాడు. ఫొతీని రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చేసింది. మాకిస్ ఎవరినీ అడక్కుండా లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఎమ్మెల్యే అయిదు నిమిషాల్లో బయటి మెట్ల మీద తేలాడు. వాడి మాటలు నాకు లోపలికి వినిపిస్తున్నాయి. "ప్రజల పని కోసం జ్ఞానస్నానాన్నే వదులుకున్న మనిషినండీ నేను!" అంటూ కార్డులు పంచుతున్నాడు. జనం తీసుకుంటున్నారు కూడా. మూడు వారాల తర్వాత గెలిచాడు, ఏమనమంటారు?

లోపల పెద్ద ఫాదర్ చెప్పగా ఫాదర్ నికిఫోరోస్ కలం తీసి ఆ సంతకం మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్కన 'జ్ఞానతల్లి: మరీగో' అని రాశాడు. రాసి ఆగిపోయాడు. తలెత్తి, "అమ్మా, మీ ఇంటిపేరు?" అన్నాడు.

ఎవరికీ తెలియదు. దెస్పినా వాళ్లనూ వీళ్లనూ చూసింది, వాళ్లూ వీళ్లూ దెస్పినాను చూశారు. నలభై ఏళ్లుగా ఊడ్చిన మనిషి ఇంటిపేరు ఆ చర్చిలో ఒక్కరికీ తెలియదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఓడలో పక్కనే వచ్చిన నాకూ తెలియదు.

ఫొతీని వచ్చి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. గరుకు చేతులు రెండూ తీసుకుని ముద్దుపెట్టుకుంది. "చెప్పు, నూనా" అంది.

మరీగో గొంతు సవరించుకుంది. "దెలపోర్తా" అంది. "మరీగో దెలపోర్తా. కాస్త పెద్ద అక్షరాలతో రాయి, నాయనా. చదవడం రాదు గాని, ఎంత పొడుగుందో చూసుకుంటాను."